తూము మూలన నీళ్ళు కొట్టిందెవరు

నేను ఒట్లు పెట్టను. ఆ రాత్రి నాతో పాటు ఆ నీళ్ళలో దిగిన ముగ్గురూ బతికే ఉన్నారు. నమ్మకం లేనివాళ్ళు రేపల్లె బస్సెక్కి వెళ్ళి అడగండి. నవ్వుదామనుకుంటే మాత్రం ఇప్పుడే నవ్వేయండి... మధ్యలో నవ్వితే లేచి వెళ్ళిపోతాను.

నా ఉద్యోగం తెలుసుగా. చిన్న రైతుల రొయ్యల సాగు ప్రోగ్రాం. ఎకరం, అరెకరం చెరువులున్న వాళ్ళని గుంపులుగా కలిపి, మంచి సీడు, అంటే రొయ్యపిల్లలు, ఇప్పించి, నీళ్ళలో ఆక్సిజన్ చూసే సెన్సార్లు పెట్టించి, పంట చేతికొచ్చేదాకా వెంట ఉండాలి. దానికి లీడ్ నేనే. తెనాల్లో రూము, బాపట్లలో మీటింగులు, రేపల్లె దాటాక సముద్రం వైపు చెరువులు. రోజంతా స్కూటీ మీదే. హైదరాబాద్‌లో ఏసీ గదిలో పెరిగిన పిల్ల ఇక్కడేం చేస్తుందని మొదట్లో అందరూ నవ్వారు. నవ్విన ప్రతివాడితోనూ గొడవ పడ్డాను.

గొడవ పడకుండా కుదిరిన మనిషి ఒక్క ఎస్తేరక్కే. భర్త పోయాక చెరువు తనే చూసుకుంటోంది. అంతకు ముందు రెండు పంటలూ తెల్లమచ్చ జబ్బొచ్చి పోయాయి. పక్కనే పెద్ద చెరువుల ఆసామి ఒకాయన ఉన్నాడు. ఈ పంట కూడా పోతే చెరువు ఆయనకి లీజుకిచ్చేసి, ఆయన దగ్గరే కూలికి వెళ్ళాలి. అంతా మాట్లాడేసుకున్నారు కూడా. అక్క నాతో ఒకటే మాట అంది.

"నా గట్టు మీద నేనే కూలిదాన్నవుతానమ్మాయ్. అది చూడ్డానికి మాత్రం నువ్వు రాబాక."

తెల్లారితే పట్టుబడి, అంటే రొయ్య పట్టి అమ్మే రోజు. ఐసు లారీ బయల్దేరింది. రొయ్య సైజు బాగుంది. నేను ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను.

గాలి లేదు. ఆకు కదలట్లేదు. మబ్బు కిందకి దిగి కూర్చుంది. అలాంటి రాత్రే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. నేను గట్టు మీద కుర్చీలో కూర్చుని ఫోన్‌లో ఆ అంకెనే చూస్తున్నాను. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయి. నీళ్ళు చిమ్మే ఆ చప్పుడు అలవాటైపోతే ఇంక వినపడదు.

ఉన్నట్టుండి వినపడింది... ఆగిపోయినప్పుడు.

కరెంటు పోయింది. రేపల్లె వైపు లైట్లు కూడా లేవు. ఫోన్‌లో అంకె ఎరుపులోకి తిరిగింది. ఆ తర్వాత సిగ్నల్ కూడా పోయింది.

గుంపు మొత్తానికి ఒకటే జనరేటర్. ట్రాలీ మీద ఉంటుంది, ఖాసిం భాయ్ దాన్ని చూసుకునే మెకానిక్. ముందే తెచ్చి పెట్టాడు పాపం. కానీ ఎంత తిప్పినా అది దగ్గి ఆగిపోతోంది.

"ఏంటి భాయ్ ఇది! పొద్దున చెక్ చేశావా లేదా?" అని అరిచాను.

"చేశానండి మేడం. పొద్దున మంచిగానే పలికింది. దీనికి రాత్రుళ్ళే రోగం."

టార్చి వేశాను. నీళ్ళ మీద... కళ్ళు. రొయ్య కళ్ళు చీకట్లో టార్చి పడితే ఎర్రగా మెరుస్తాయి. మామూలుగా అడుగున ఉంటుంది రొయ్య. ఊపిరాడకపోతేనే పైకి తేలుతుంది. చెరువంతా నిప్పురవ్వలు చల్లినట్టు ఉంది.

ఎస్తేరక్క చీర బిగించింది. "దిగండి," అంది.

అక్కడ ఒక పద్ధతి ఉంది. ఏరేటర్ లేనప్పుడు మనుషులే దిగి నీళ్ళు కొడతారు. అరచేత్తోనో బేసిన్‌తోనో నీళ్ళని ఎగజిమ్ముతూనే ఉండాలి. గాలి కలుస్తుంది. వరసగా నిలబడాలి. చీకట్లో ఒకరికొకరు కనపడరు. తూము దగ్గర గొయ్యి ఉంటుంది, కాలు జారి ఎవరైనా మునిగినా ఆ చప్పుడులో వినపడదు. అందుకని మధ్యమధ్యలో ఒకరు "పలకండి" అని కేకేస్తారు. గట్టు వైపు నుంచి వరసగా ఒక్కొక్కరూ "ఉన్నా" అనాలి. పలక్కపోతే పక్కవాడు వెళ్ళి చెయ్యేసి వెతకాలి.

ఎస్తేరక్క మరిది దానియేలు ముందు ఏరేటర్ల ఫీజులు పీకి జేబులో వేసుకున్నాడు. మేము నీళ్ళలో ఉండగా కరెంటొస్తే షాక్ కొట్టి అంతే సంగతులు. గట్టు వైపు దానియేలు. తర్వాత అక్క. తర్వాత నేను. తూము వైపు చివర ఖాసిం భాయ్. నా మెళ్ళో ప్లాస్టిక్ సంచిలో ఫోన్. టార్చి ఆపేశాను, చార్జింగ్ పోకూడదని.

కొట్టడం మొదలుపెట్టాం. థప్... థప్... చేతులు మంట. నోట్లోకి ఉప్పునీళ్ళు. కాళ్ళకి రొయ్యలు తగిలి చటుక్కున ఎగురుతున్నాయి. ఎంతసేపో తెలియదు.

"పలకండీ!"

"ఉన్నా!" దానియేలు.

"ఉన్నా," అక్క తనే.

"ఉన్నా!" నేను.

"ఉన్నా," నా కుడి పక్కన.

మళ్ళీ కొట్టాం. నా కుడి వైపు చప్పుడు భలే లయగా ఉంది. అలసట లేదు. ఖాసిం భాయ్ పనిమంతుడే, ఊరికే అరిచాను అనుకున్నాను.

అప్పుడు... నా వెనక, గట్టు మీద నుంచి...

"మేడం! ఈ డబ్బా ఇంకా అందుకోవట్లేదండీ! ఇంకొక్కసారి చూస్తా!"

ఖాసిం భాయ్ గొంతు.

నా చేతులు ఆగిపోయాయి. ఆయన ఎప్పుడో గట్టెక్కేశాడు. జనరేటర్ దగ్గర ఉన్నాడు. అది తిప్పుతున్న చప్పుడు కూడా వినపడుతోంది.

నా కుడి వైపు... థప్... థప్... థప్...

ఆగలేదు.

ఆ గొంతు గుర్తు చేసుకున్నాను. వింతగా లేదు. బొంగురుగా లేదు. పక్కింటి మనిషి పలికినట్టు మామూలుగా ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తడిచేత్తో సంచి మీద నుంచే ఫోన్ తడిమి టార్చి వెలిగించాను. కుడి వైపు తిప్పాను.

ఎర్రటి కళ్ళు. నీళ్ళ నిండా రొయ్య కళ్ళు. మధ్యలో... ఒక్కచోట లేవు. గుండ్రంగా, మనిషి నడుమంత ఖాళీ. అక్కడ రొయ్య తేల్లేదు. మనం నీళ్ళలో నిలబడితే మన చుట్టూ ఉంటుందే, అంత ఖాళీ. నా చుట్టూ ఉన్నట్టే. అక్కడ మనిషి లేడు. నీళ్ళు మాత్రం ఎగురుతున్నాయి. థప్... నురగ. థప్... నురగ. ఆ ఖాళీ మెల్లగా... తూము వైపు జరిగింది.

పరిగెత్తి ఉండేదాన్ని. నిజం. కానీ నేను గట్టెక్కితే ఆ సగం చెరువులో కొట్టేవాళ్ళు ఉండరు. అక్క చెరువు. అక్క గట్టు.

నాకు భయమేస్తే కోపమొస్తుంది. గట్టిగా అరిచాను.

"ఎవరైతే నాకేంటి! ఆపకు! కొట్టు!"

"ఎవర్నమ్మాయ్ తిడతన్నావు?" ఎస్తేరక్క.

"ఎవర్నీ కాదక్కా... నువ్వు కొట్టు."

టార్చి ఆపేశాను. చూస్తూ కొట్టలేను. ఏడుస్తూ కొట్టాను.

అక్క మళ్ళీ కేకేసింది. "పలకండీ!"

దానియేలు పలికాడు. అక్క పలికింది. నేను పలికాను. ఆ తర్వాత నిశ్శబ్దం. హమ్మయ్య అనుకునేంతలో...

"ఉన్నా."

అక్క వైపు చప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఖాసిం భాయ్ గట్టు మీద తిట్టుకోవడం తనకీ వినపడుతోంది కదా. "ప్రభువా..." అని మెల్లగా అంది. మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

ఇంతలో జనరేటర్ భగ్గుమని అందుకుంది. ఖాసిం భాయ్ కేకలు. "ఎక్కండి! అందరూ గట్టెక్కండి! ఫీజు పెట్టాలి!"

పాకుతూ ఎక్కాం. దానియేలు జేబులోంచి ఫీజులు తీశాడు. బాక్సు దగ్గరికి వెళ్ళాడు. అక్కడే ఆగిపోయాడు.

"పెట్టరా!" ఖాసిం భాయ్.

"ఎట్టా పెట్టేదండీ? తూము కాడ ఇంకో మనిషున్నాడు. పలికాడుగా!"

"ఎవరూ లేరయ్యా! నేనిక్కడుంటే ఇంకెవరుంటారు?"

"మరి పలికిందెవరు?"

అప్పుడు అర్థమైంది నాకు. నిజంగా మనిషే ఉంటే... ఫీజు పెడితే పోతాడు. పెట్టకపోతే పంట పోతుంది. మేము కొట్టడం ఆపేశాం. ఒక్కో నిమిషం రొయ్య చస్తోంది.

ఎస్తేరక్క గట్టు మీద నుంచి కేకేసింది. "పలకండీ!"

ఏం లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆ థప్ థప్ కూడా లేదు.

"ఇంకోసారి... పలకండయ్యా!"

ఏం లేదు.

పలక్కపోతే చెయ్యేసి వెతకాలి. అది పద్ధతి. అక్క ఎవరి మొహమూ చూడలేదు. తన పంట అలా తేలుతుంటే, మళ్ళీ నీళ్ళలోకి దిగింది. తూము వైపు. నేను గట్టు మీద నుంచి టార్చి పట్టాను. గుండెల లోతు. మెడ లోతు. రెండు చేతులూ నీళ్ళలో పెట్టి తడిమింది. మునిగింది. లేచింది. మళ్ళీ మునిగింది... ఈసారి చాలాసేపు లేవలేదు.

"వదినా!" దానియేలు అరిచాడు.

లేచింది. నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. గట్టెక్కి నీళ్ళు తుడుచుకుని, "ఎవరూ లేరు. పెట్టు," అంది.

ఏరేటర్లు తిరిగాయి.

"ఏమన్నా తగిలిందా అక్కా?" అని అడిగాను.

"చెరువంతా చల్లగా ఉందమ్మాయ్. ఆడ మాత్రం వెచ్చగా ఉంది." అంతే. చీర పిండుకుంటూ ఏరేటర్ల వైపు వెళ్ళిపోయింది.

తెల్లారింది. మా వైపు కొంత రొయ్య పోయింది. తూము మూలన ఒక్కటి కూడా చావలేదు. లారీ వచ్చింది. పట్టుబడి అయింది. చెరువు అక్కదే. లీజు మాట చెప్పి పంపిన ఆసామికి అక్క ఏం కబురు పంపిందో ఇక్కడ చెప్పను, ఆడపిల్లలున్నారు.

మీరనుకుంటున్నదే నేనూ అనుకున్నాను. తూము గట్టుకి అవతల పెద్ద ఆసామి చెరువులు. అక్కడొక కాపలా మనిషి ఉంటాడు. చాటుగా వచ్చి సాయం చేశాడేమో. వెళ్ళి మొహం మీదే అడిగాను. "రాత్రి నువ్వేనా బాబాయ్ మా చెరువులో దిగింది?"

ఆయన బీడీ పారేశాడు. "నేనెందుకు దిగుతానండీ. మా ఓనరుకి తెలిస్తే ఉద్యోగం ఉంటదా?"

అవునన్నాడా, కాదన్నాడా? నాకు తెలియలేదు. తాడు మీద లుంగీ ఆరేసి ఉంది. తడిగానే ఉంది. కానీ పొద్దున్నే ఎవరైనా లుంగీ ఉతుక్కుంటారు కదా. పైగా నేను టార్చి వేసినప్పుడు అక్కడ మనిషి లేడు. నా కళ్ళతో చూశాను. నీళ్ళలో మునిగి ఉన్నాడనుకుందామా? మరి పలికిందెలా?

సాయంత్రం అక్క గట్టు మీద అరిటాకులు పరిచి రొయ్యలు కుప్పలు పోసింది. నీళ్ళు కొట్టినవాళ్ళకి పట్టుబడి రోజు కూరకని ఇంత రొయ్య పెట్టాలట. దానియేలుకి ఒకటి. ఖాసిం భాయ్‌కి ఒకటి. నాకు ఒకటి. తర్వాత ఇంకో ఆకు తీసుకుని, అన్నిటికన్నా పెద్ద రొయ్యలు ఏరి పోసి, తూము మీద పెట్టి వచ్చింది.

"అదెవరికక్కా?"

"కొట్టినోళ్ళకి పెట్టకపోతే ఎట్టమ్మాయ్?"

నేను నా వాటా తీసుకుని స్కూటీ ఎక్కేశాను. చీకటి పడేలోపు తెనాలి చేరాలి. ఆ తూము వైపు చూడలేదు.

మర్నాడు ఫోన్ చేసి సీడు గురించి, సున్నం గురించి, వచ్చే పంట గురించి అన్నీ మాట్లాడాను. ఇదొక్కటి తప్ప. పెట్టేయబోతుంటే అక్కే అంది.

"తూము మీద పెట్టింది తీసుకెళ్ళారమ్మాయ్. ఆకు కడిగి బోర్లించి పోయారు."

ఎవరు అని అడగడానికి నోరు తెరిచాను... ఫోన్ అటు పక్క అవతలి చెరువుల ఏరేటర్ చప్పుడు వినపడుతోంది.

అడగలేదు. ఇంతవరకూ అడగలేదు.