కడిగిన పుట్టగొడుగు

మాస్టారు పోయారని ఏలూరు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నా గుప్పిట్లో క్లీనింగ్ కాంట్రాక్టర్ కాలర్ ఉంది. అతని పెదవి చిట్లి రక్తం కారుతోంది. కొట్టింది నేనే. క్షమాపణ చెప్పడానికి ఇది రాయడం లేదు.

తాడేపల్లిగూడెం దగ్గర మా యూనివర్సిటీలో ఒక గది ఉంది. ఎండిన పుట్టగొడుగులు, బూజులు, తెగులు పట్టిన ఆకులు అక్కడ కాగితం పొట్లాల్లో ఉంటాయి. నల్లజర్ల తోటల నుంచి కొల్లేటి గట్ల దాకా తిరిగి అవన్నీ ఏరింది అక్కడ మొక్కల తెగుళ్ల పాఠాలు చెప్పిన మాస్టారే. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి ఆ తలుపు ఆయనే తీసేవారు. నేను అక్కడ దినకూలీని. కలిదిండిలో చేపలు ఎండబెట్టే ఇంట్లో పుట్టాను. పదో తరగతితో చదువు సరి.

చేరిన వారానికే ఆయన తెచ్చిన బుట్టెడు పుట్టగొడుగుల్ని కుళాయి కింద శుభ్రంగా కడిగేశాను. చేపని కడక్కుండా ఎవరు ఎండబెడతారు? మాస్టారు చూశారు. చేతిలో గొడుగుతో నా వీపు మీద ఒక్కటిచ్చారు.

"రెక్కల కింద ఉండే పొడే దాని విత్తనంరా! మొత్తం తూములో పోశావు కదరా, వెధవా!"

"కొట్టడానికి మీరెవరండీ?" అంటూ గొడుగు లాక్కుని, మోకాలికేసి విరిచేశాను.

ఆయన ముక్కలవైపు చూశారు. "కోపం ఉందే! ఇలాంటివాడే కావాలి ఈ గదికి. కూర్చో, నేర్పుతాను," అన్నారు.

నేర్పారు. మట్టి గీకడం, వేడిగాలికి ఆరబెట్టడం, నోరు తిరగని పేర్లు పలకడం. టీ గ్లాసు పొట్లాల బల్లమీద పెడితే మాత్రం చెయ్యి లేచేది. "ఈ పొట్లం పోతే, ఆ చెట్టు ఎందుకు చచ్చిందో చెప్పేవాడుండడురా," అనేవారు.

ఆయన ఆసుపత్రిలో ఉండగా తనిఖీ వస్తోందని పైవాళ్లు గది ఖాళీ చెయ్యమన్నారు. కాంట్రాక్టర్ రెండు బీరువాల పొట్లాలు బయట కుప్పపోసి నిప్పంటించాడు.

"బూజే కదా తమ్ముడూ, వానాకాలం వస్తే మళ్లీ పడుతుందిలే," అని నవ్వాడు.

అప్పుడు కొట్టాను. ఫోన్ పెట్టేసి మళ్లీ కొట్టాను. తరవాత మంటలో చేతులు పెట్టి అందినవి అందినట్టు లాగాను. అరుపులకు పరిగెత్తుకొచ్చిన మేడమొకరు గదికి తాళం వేసి తాళంచెవి తన దగ్గర పెట్టుకున్నారు. మిగతా బీరువాలు దక్కాయి. నా పని పోయింది. పోనివ్వండి.

కట్టు కట్టిన చేతులతో ఆ రాత్రే మంటలోంచి లాగిన పొట్లాలు విప్పి చూశాను. ఒకదాని అంచు కాలింది. లోపల ముడుచుకుపోయి, తోలుముక్కలా ఒక పుట్టగొడుగు. పొట్లం మీద మాస్టారి రాత:

"కడిగినవాడు:" అని, పక్కన నా పేరు. దాని కింద, "పనికిరాదు. పారేయవద్దు."