వల పుల్లతో కొలిచిన లేసు పువ్వులు

పోయిన నెలలో మా రెండో అబ్బాయి కొట్లో పనిచేసే వాళ్ళందరికీ ఒక పూట సెలవిచ్చి, భీమవరంలో ఒక హోటల్లో ఏదో ట్రైనింగు పెట్టించి, ఇంట్లో ఒక్కదాన్నీ ఏం చేస్తానని నన్ను కూడా కారెక్కించి తీసుకెళ్ళి వెనక వరసలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టాడు. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడొకడు గోడ మీద బొమ్మలు చూపిస్తూ, అందరూ ఒకే రకం మనుషులైతే వ్యాపారం ఎదగదనీ, రకరకాల వాళ్ళు కలిసి పనిచేయడం నేర్చుకోవాలనీ చక్కగానే చెప్పాడు. చివర్లో తలా ఇన్ని కాగితపు గ్లాసులిచ్చి గోపురాలు కట్టమంటే, కట్టిన వాళ్ళూ పడగొట్టిన వాళ్ళూ పకపకా నవ్వుకున్నారు. మామ్మగారూ, మీరేమన్నా చెప్తారా అండీ అని ఆ కుర్రాడు మైకు నా ముందు పెడితే, నాకేం తెలుసు నాయనా అనేశాను. కానీ తిరుగు దారిలో కారు కిటికీలోంచి చేపల చెరువులు చూస్తూ కూర్చున్న నాకు, నరసాపురంలో మా అత్తగారింటి హాలూ, ఆ హాలు మధ్యలో అప్పడంలా పొంగిన ఒక లేసు దుప్పటీ కళ్ళకు కట్టాయి.

నేను బడి మొహం చూడలేదు. మా నాన్నగారు పొద్దున్నే పూజ అయ్యాక పలక మీద దిద్దించిన అక్షరాలే నా చదువు, ఆయన చలవ వల్లే ఈ రోజుకీ రామకోటి రాసుకోగలుగుతున్నాను. డెబ్బయ్యవ దశకంలో నేను కోడలిగా వెళ్ళేనాటికి మా మామగారిది చిన్న దారాల కొట్టు. మా వీధిలోని నాలుగైదు వైశ్యుల ఇళ్ళకు దారం ఇచ్చి, ఆడవాళ్ళు మధ్యాహ్నపు తీరికలో అల్లిన లేసు పువ్వులు తీసుకుని, మద్రాసు ఎగుమతి షావుకారుకు పంపేవారు. లేసు అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు గానీ నా ఈడు వాళ్ళకు చెప్పక్కరలేదు. ఒకరు పువ్వులు అల్లుతారు, ఒకరు ఆ పువ్వుల్ని అతుకుతారు, ఒకరు చుట్టూ అంచు వేస్తారు, అన్నీ కలిస్తేనే ఒక దుప్పటి. పని పెరిగేసరికి మా వీధి చేతులు చాలక చర్చి వీధికి కూడా దారం వెళ్ళింది. ఎవరివో తెలియడానికి వెనక వైపు, మా పువ్వులకు ఎర్ర దారం ముడి, వాళ్ళ పువ్వులకు నీలం ముడి. వచ్చిన పువ్వుల్ని ఏరి జతచేయడం కొత్త కోడలినని నాకు అప్పగించారు. అతుకు పని మాత్రం మా అత్తగారిదీ, మా వీధి వాళ్ళదీనూ, దాని మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవారు కాదు.

అప్పుడు వచ్చింది, ఇద్దరు పడుకునే మంచానికి సరిపడే పెద్ద దుప్పటి పని, మా ఇంటికి అదే మొదటిసారి. ఊరు ఊరంతా చెప్పుకున్నారు. మూడు నెలలు అల్లి, అతికి, గంజి పెట్టి పంపితే, పదిహేను రోజుల్లో తిరిగొచ్చింది. హాలులో పరిస్తే మధ్యలో పొంగుతుంది, ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తుంది. షావుకారు ఉత్తరంలో మర్యాదగానే రాశాడు, ఇంకొక్కసారి చూస్తాను, అప్పుడూ ఇలాగే ఉంటే దారం వేరే వాళ్ళింటికి పంపుకుంటాను అని. మా ఇంటి మాట అటుంచండి, అప్పటికి నలభై ఇళ్ళ ఆడవాళ్ళు ఆ దారం మీద ఆధారపడి ఉన్నారు. చర్చి వీధిలో ఒకావిడ ఆ లేసు మీదే ముగ్గురు పిల్లల్ని చదివిస్తోంది. మా మామగారు రెండు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయారు.

మా అత్తగారు మటుకు తేల్చేశారు. "ఇందులో చూసేదేముంది, చర్చి వీధి వాళ్ళ చేతులు మొరటు. మనవి మనం అల్లుకున్నన్నాళ్ళూ ఇలా పొంగిందా?" అన్నారు. ఆ మాట ఎలా పాకిందో సాయంత్రానికల్లా చర్చి వీధి టీచరమ్మగారి చెవిన పడింది. ఆవిడ మిషన్ బడిలో కుట్లు నేర్పేవారు, తనూ అల్లి, ఆ వీధి పువ్వులన్నీ పోగుచేసి ఆవిడే తెచ్చేవారు. గుమ్మంలోనే నిలబడి, "మావి వంకరైతే మావి మాకిచ్చేయండమ్మా, మీ ఎర్ర ముడులతోనే దుప్పటి కట్టుకోండి, ఏ పండక్కి పూర్తవుద్దో చూద్దాం" అని నవ్వుతూనే అనేసి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి నీలం ముడి పువ్వులు రావడం మానేశాయి.

అది కార్తీకం. తెల్లారకుండా గోదావరి స్నానానికి వెళ్ళి, దీపం వదిలి, ఆ అంతర్వేది స్వామికి మనసులోనే చెప్పుకున్నాను, తండ్రీ, నాకు దారి తెలియడం లేదు, నువ్వే ఏదో ఒకటి చూపించు అని. వెలుగు వస్తోంది. రేవు మెట్ల పక్కన పడవ నీడలో బెస్తవారి ఆవిడ ఒకామె వల అల్లుకుంటోంది. అవతలి పడవలో ఉన్న మొగుణ్ణి నవ్వుతూ ఏదో తిడుతోంది, చూపు అటే ఉంది, చేతులు మాత్రం వల మీద పారుతున్నాయి. దగ్గరికి వెళ్ళి చూశాను. ఒక్క గడి కూడా ఇంకో గడికి వెంట్రుక వాసి తేడా లేదు. నా పువ్వుల బుట్ట గుర్తొచ్చింది. చూడకుండా అన్నీ ఒక్కలాగే ఎలా వస్తున్నాయమ్మా అని అడిగితే, చేతిలోని చిన్న వెదురు పుల్ల పైకెత్తి చూపించింది, ప్రతి గడికీ తాడు ఆ పుల్ల చుట్టూ ఒకసారి తిప్పి ముడి వేస్తోందన్నమాట.

"నాదేముందండి కోడలుగారూ, అంతా ఈ పుల్లదేనండి. గడి పెద్దదైతే చేప జారిపోద్ది, చిన్నదైతే పిల్లా జెల్లా అన్నీ పడిపోతాయండి. మా అత్త కొలత, వాళ్ళ అత్త కొలతండి ఇది. ఆయ్."

కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ రేవులో మునిగి లేస్తున్నాను, ఆ పుల్ల నా కంటికి ఒక్కనాడూ ఆనలేదు. అడగ్గానే చూపించిన ఆ దేవుడికి దణ్ణం పెట్టుకుని, తడి చీరతోనే ఇంటికొచ్చి మా మామగారితో చెప్పాను. ఆయన ఆమెను పిలిపించమన్నారు.

మా అత్తగారికి వినగానే ప్రాణం పోయినంత పనయింది. తెల్లటి దారం, చేపలు ముట్టుకున్న చేతులు, వాసన పట్టేస్తే దుప్పటి ఎవడికి అమ్ముతారని. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ రేవు పిన్ని (ఆ రోజు నుంచీ నేను అలాగే పిలిచాను) ఎలా వచ్చిందనుకున్నారు? నిమ్మతొక్కలతో చేతులు తోముకుని, శీకాయతో కడుక్కుని, మళ్ళీ నిమ్మతొక్కలు రుద్దుకుని, రెండు చేతులూ మా అత్తగారి ముక్కు దగ్గరికి చాపి, "సూసుకోండి పెద్దమ్మగారూ, పులిహోర వాసనొత్తందండి" అంది. ఎంత ఆపుకున్నా మా అత్తగారి మూతి కదిలింది.

టీచరమ్మగారిని మా మామగారే స్వయంగా వెళ్ళి పిలుచుకొచ్చారు. విప్పేసిన దుప్పటి పువ్వులన్నీ బుట్టలో పోశాం, ముడులు కనపడకుండా అడుగు వైపుకి తిప్పి. రేవు పిన్ని సరైన పువ్వొకటి నాచేత ఎంచించుకుని, దాని కొలతకు వెదురు పుల్ల చీల్చి, నడిమి చుట్టు ఎంత ఉండాలో, చివరి రేకు ఎంత ఉండాలో గాట్లు పెట్టింది. ఒక్కొక్క పువ్వూ పుల్ల మీద ఆనించి మూడు కుప్పలు వేసింది, సరైనవి, బిగువైనవి, వదులైనవి. అన్నీ అయ్యాక పువ్వుల్ని తిరగేశాం.

మూడు కుప్పల్లోనూ ఎరుపూ నీలమూ కలిసిపోయి ఉన్నాయి.

చేతి బిగువుకి వీధి లేదని ఆ రోజు నా కళ్ళతో నేను చూశాను. బిగువు కుప్పలో టీచరమ్మగారివి చాలా ఉన్నాయి, ఆవిడే వాటిని ఏరి పక్కన పెట్టుకున్నారు. వదులు కుప్పలో పైన ఉన్న ఎర్ర ముడి వేసిన తీరు చూడగానే నేను గుర్తుపట్టాను, అది మా అత్తగారిది. ఆవిడా గుర్తుపట్టారు. లేచి దేవుడి గదిలోకి వెళ్ళిపోయారు. మా మామగారు నా వైపు చూశారు, నేను నేల వైపు చూశాను, రేవు పిన్ని మాత్రం ఏమీ తెలియక పుల్లతో వీపు గోక్కుంటోంది. కాసేపటికి అత్తగారు నుదుట కుంకుమతో బయటికొచ్చి, ఎవరి ముందూ తగ్గని ఆ మనిషి, రేవు పిన్ని ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, "నా చేతిలో తప్పేమిటో చెప్పు" అన్నారు.

రేవు పిన్ని ఆవిడ వేళ్ళు పట్టుకుని చూసింది. ఆ ఇంట్లో అదివరకు ఎవరూ అలా పట్టుకుని ఉండరు.

"తప్పేం లేదండి పెద్దమ్మగారూ, మీది మెత్తని సెయ్యండి. వల్లో కూడా అంతేనండి, బిగువు సెయ్యి గడి ఏత్తాది, మెత్తని సెయ్యి ముక్కలు కలుపుద్ది. బిగువు సేతోళ్ళు కలిపితే వల గుంజుకుపోద్దండి. మీరు పువ్వు మానేసి అతుకు మటుకే సేసుకోండి."

"మరి నేనేం చెయ్యాలి?" అన్నారు టీచరమ్మగారు. రేవు పిన్ని పుల్ల ఒకటి ఆవిడ చేతిలో పెట్టి, పువ్వు రెండో గాటు దాకా రాకపోతే చెయ్యి కాస్త వదలాలంది. "నాకే పాఠం చెప్పే మనిషి దొరికింది" అని టీచరమ్మగారు మా అత్తగారి వైపు చూస్తే, "నాకు మటుకు దొరకలేదా?" అన్నారు మా అత్తగారు. అంతే, ఆ ఒక్క మాటతో మూడు వారాల కోపం తీరిపోయింది.

అక్కడి నుంచి దారం వీధుల లెక్కన వెళ్ళడం మానేసింది. అందరికీ ఒకే వెదురులోంచి చీల్చిన పుల్లలు. పువ్వుల వాళ్ళు ఒక వసారాలో, అతుకు వాళ్ళు హాల్లో, అంచు వేసే వాళ్ళు అరుగు మీద, ఏ వీధి వాళ్ళైనా సరే చేతిని బట్టే చోటు. రేవు పిన్ని తోటికోడళ్ళు కూడా వచ్చి చేరారు, వాళ్ళంత సమంగా అంచు వేసినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. అన్నీ ఒక్కసారే మారిపోయాయని చెప్తే అది అబద్ధమవుతుంది. మంచినీళ్ళ దగ్గర మొదట్లో ఎవరి చెంబు వాళ్ళదే. కానీ టీచరమ్మగారు తెచ్చుకునే మట్టి కూజాలో నీళ్ళు చల్లగా ఉండేవి. ఎండలు ముదిరాక మా చిన్నాడపడుచు ఒకరోజు ఎవరినీ అడక్కుండా వంచుకు తాగేసింది, రెండో రోజు ఇంకొకరు, ఆ తరవాత కూజా ఎవరిదన్న సంగతే మరిచిపోయారు. మా అత్తగారు మటుకు తాగలేదు. కూజా కింద తడి ఇసుక పోయించింది మాత్రం ఆవిడే.

రెండో దుప్పటి గంజి పెట్టి ఆరేశాక హాల్లో పరిచాం. నలభై ఇళ్ళ వాళ్ళలో వచ్చినవాళ్ళు గోడల వెంట నిలబడ్డారు. దుప్పటి నేలకు అంటుకుపోయి, పోటు నిలిచిన వేళ గోదావరిలా ఒక్క అల లేకుండా పరుచుకుంది. అన్ని చేతులు అల్లిన వందల పువ్వులు, చూస్తే ఒక్క చేతివే. మా అత్తగారు దాని చుట్టూ చెప్పులు లేని కాళ్ళతో నెమ్మదిగా తిరిగారు, గుడి చుట్టూ తిరిగినట్టే. మా మామగారు చేతులు జోడించారు, ఎవరికో ఆయనకే తెలియాలి. నేనైతే అక్కడున్న అందరికీ దణ్ణం పెట్టుకున్నాను. దుప్పటి మళ్ళీ తిరిగి రాలేదు, దారం మా ఇల్లు దాటి వెళ్ళలేదు, ఎనభైలు వచ్చేసరికి ఆ హాలు చాలక పక్కిల్లు కూడా తీసుకున్నాం.

ఇప్పుడు మా అత్తగారూ లేరు, టీచరమ్మగారూ లేరు. నైలాను వలలు కొట్లో దొరకడం మొదలయ్యాక రేవు పిన్ని మనవలకు ఆ పుల్ల ఎందుకో తెలియదు. మా అబ్బాయి కొట్లో లేసు తెరలు మిషను మీదివి, తాను తానులుగా వస్తాయి. ట్రైనింగు నుంచి వచ్చిన రోజు సాయంత్రం, వాడు షట్టరు దించేలోపు ఒక తాను కాస్త విప్పించుకుని వేళ్ళతో తడిమి చూశాను. అత్తగారి వదులు గానీ, టీచరమ్మగారి బిగువు గానీ ఎక్కడా తగల్లేదు. పువ్వులన్నీ సమంగానే ఉన్నాయి, వంక పెట్టడానికి లేదు. వాటిని సమం చేయడానికి ఎవరూ ఎవరి పక్కనా పీట వేసుకుని కూర్చోవలసిన పని పడలేదు, అంతే.