బాపయ్య ఆగిన కుప్ప

గుంటూరు మిర్చి యార్డులో బాపయ్య నడిచొస్తుంటే, బస్తాల వరస ముందు పోసిన కాయల కుప్పని రైతులు ఓసారి చేత్తో సర్దేవాళ్ళు. ఎగుమతి కంపెనీకి సరుకు కొనిపెట్టడం ఆయన పని. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అదే. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడుని బట్టి తడి ఎంతుందో చెప్పేస్తాడు. వాసన చూసి కాయ ఏ ఊరి చేలో పండిందో కూడా చెబుతాడని ఓ ప్రచారముంది. అది మాత్రం ఆయనే పుట్టించింది.

ఈ సీజన్లో ఆయనకి కొత్త అలవాటొకటి పట్టుకుంది. పదడుగులకోసారి ఆగడం. ఆగిన చోట ఏ కుప్ప ఉంటే దాని పక్కన కూర్చుని, ఓ కాయ విరిచి, కళ్ళు మూసుకుని దీర్ఘంగా ఆలోచించడం. "పెద్దాయన ఎంత నిదానంగా చూస్తాడో!" అని కుర్ర వ్యాపారులు మెచ్చుకున్నారు. ఆయన చూసేదేమీ లేదు, ఊపిరి అందేదాకా కాలక్షేపం చేస్తున్నాడు. దగ్గొస్తే మరీ సులువు. మిర్చి యార్డులో దగ్గని వాడెవడు?

అసలు సంగతి ఫిబ్రవరిలోనే తేలింది. మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి పడబోతే, భార్య గురవమ్మ పెదకాకాని నుంచి ఆటోలో కుదేసి గుంటూరు తీసుకొచ్చింది. డాక్టర్ మనోజ్ఞ పరీక్ష చేసి తెర మీద గుండెని చూపించింది.

"గుండెలోంచి రక్తం ఒంట్లోకి పోయే దారిలో కవాటం ఉంటుందండీ, తలుపులాంటిది. దానికి సున్నం పేరుకుని బిగుసుకుపోయింది. మందులతో తగ్గేది కాదు, మార్చాల్సిందే. ఛాతీ కొయ్యక్కర్లేదు, తొడ దగ్గర రక్తనాళంలోంచి కొత్తది పంపిస్తాం."

"ఎంతవుద్దమ్మా?" అన్నాడు బాపయ్య. ఆవిడ చెప్పింది. రెండో ప్రశ్న వెంటనే పడింది: "ముందు ముందు ధర ఎట్టా ఉంటదంటారు?"

డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. కొంప ముంచింది ఆ గుణమే. "ఇదివరకు బయటి దేశాల సరుకే ఉండేది. ఇప్పుడు మన దగ్గరా తయారవుతున్నాయి. పెద్దవాళ్ళ సంఖ్య పెరుగుతోంది, చేసే ఆసుపత్రులు పెరుగుతున్నాయి, కంపెనీల మధ్య పోటీ ఉంది. కొన్నేళ్ళలో తగ్గొచ్చు. కానీ మీరు అంతకాలం..."

'తగ్గొచ్చు' తర్వాతి మాటలేవీ బాపయ్య చెవిన పడలేదు. పెరుగుతుందని సరుకుని ఏసీ గోదాముల్లో దాచే రైతుల్నీ, పడుతుందని చేతులు కట్టుకు కూర్చునే బేరగాళ్ళనీ చూస్తూ తల నెరిసిన మనిషి. పడబోయే ధరకి ఎదురెళ్ళి కొనడం ఆయన లెక్కలో మహాపాపం. డబ్బు లేక కాదు, బ్యాంకులో ఉంది.

"ఇయ్యాల కొన్నాక రేపు తగ్గిందనుకో, నేను యార్డులో తలెత్తుకోగలనా?" అన్నాడు ఇంటికొచ్చాక.

"రేపటికి తలంటూ ఉంటే గదా ఎత్తుకోటానికి!" అంది గురవమ్మ. "నీ గుండేమన్నా తేజ రకం కాయా, ఏసీలో పెట్టి దాచటానికి?"

"యార్డులో ఎవరికీ చెప్పమాకు" అన్నదొక్కటే ఆయన జవాబు. జబ్బు మనిషని తెలిస్తే కంపెనీ ఇంట్లో కూర్చోమంటుందని భయం.

మొన్న మంగళవారం ఇంకొల్లు నుంచి ప్రేమదాసు అనే రైతు నలభై బస్తాలు తెచ్చాడు. సరిగ్గా ఆ కుప్ప దగ్గరికొచ్చేసరికి బాపయ్యకి ఛాతీ పట్టేసింది. కూర్చున్నాడు. కాయ విరిచాడు. కళ్ళు తిరుగుతుంటే తల రెండుసార్లు విదిలించి, ధర చెప్పకుండానే లేచి వెళ్ళిపోయాడు.

అంతే. బాపయ్య తల అడ్డంగా ఊపాడన్న కబురు వరసలన్నీ తిరిగింది. వెనకే వస్తున్న లాల్ అహ్మద్, ఆయనకి పాత స్నేహితుడూ పోటీ కొనుగోలుదారూ, ఆ కుప్ప వైపు చూడకుండానే దాటిపోయాడు. మిగతావాళ్ళూ అంతే. పదకొండయ్యేసరికి చుట్టూ ఉన్న సరుకంతా అమ్ముడుపోయి, ప్రేమదాసు కాయలు మాత్రం మిగిలాయి.

అతను వచ్చి బాపయ్య దారికి అడ్డం నిలబడ్డాడు.

"బాపయ్యగారూ, నా కాయలో లోపమేందో చెప్పి కదలండి."

"లోపమేం లేదయ్యా."

"లేకపోతే తలెందుకు ఊపారు? మీరు కాదన్నాక ఈ యార్డులో ఇంకెవరు ముట్టుకుంటారండీ? ఏడు నెలలు పురుగుతో, వానతో కొట్టుకుని పండించా. ఇంటికెళ్ళి ఏం చెప్పమంటారు?"

జనం మూగారు. తడి ఉందనొచ్చు, తాలు కాయ కలిసిందనొచ్చు. బాపయ్య ఏది చెప్పినా నమ్ముతారు. ఆయన అబద్ధాలాడని మనిషేం కాదు, కానీ మంచి కాయని చెడ్డదనడానికి నోరు రాలేదు.

"నీ కాయ బంగారం," అన్నాడు. "లోపం నాది. గుండెలో కవాటం పాడైంది. ఊపిరాడక కూర్చున్నా. నీ కుప్పనే గాదు, ఈ సీజనంతా నేను ఆగిన కుప్పలన్నీ అంతే."

ముందుగా తేరుకున్నవాడు లాల్ అహ్మద్. "ఒరేయ్, అయితే నువ్వు ఆగి కొనకుండా లేచిపోయావని నేనొదిలేసిన సరుకంతా?"

"మంచిదే."

"నీ కవాటం పాడుగాను! ...అదెట్టాగూ పాడైందంటున్నావుగా. డాక్టరేమంది?"

"మార్చాలంది. ధర తగ్గుద్దని ఆగా."

లాల్ అహ్మద్ నెత్తి కొట్టుకున్నాడు. "మనం ఆగితే సరుకు పోద్ది, రేపు ఇంకో సరుకొస్తది. ఇక్కడ ఆగితే నువ్వే పోతావు గదరా!" అని తిట్టి, ప్రేమదాసు బస్తాలకి ఆ రోజు పలికిన పైధర ఇచ్చి తనే కొన్నాడు.

బాపయ్య గేటు వైపు కదలబోయాడు. రెండడుగులకే ఊపిరందక బస్తా మీద కూలబడ్డాడు. ప్రేమదాసు ఒక్క కేకేస్తే బుడే అనే హమాలీ, బస్తాలు లాగే బండి తోసుకొచ్చాడు.

"ఎక్కండి, గేటు దాకా దిగబెడతాం."

"ఛ, బండి మీదా!" అంటుండగానే ఇద్దరూ కలిసి ఎక్కించేశారు. మడత నలగని తెల్లపంచె మిరప దుమ్ములో మునిగింది. బండి కదలగానే వరసలన్నీ గొంతెత్తాయి.

"బాబాయ్, ఎన్ని కేజీలు?"

"తడి చూశావా బుడే?"

ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆ యార్డులో ఆయనకి ఎదురుమాట అని తప్పించుకున్నవాడు లేడు. ఇప్పుడూ నాలుక చివర ఘాటైన జవాబులు నాలుగున్నాయి. కానీ ఛాతీలో ఉన్న ఊపిరి ఒక్క మాటకే సరిపోతుంది. ఆయన జేబులోంచి ఫోన్ తీసి గురవమ్మకి కలిపాడు.

"రేపొద్దున్నే చేరతానని డాక్టరమ్మకి చెప్పు. ధర అడగమాకు."