ఎస్తేరు వెయ్యని దండ

మొన్న ఆదివారం మా చర్చిలో పిల్లలు క్రిస్మస్ నక్షత్రానికి రంగు కాగితాలు అతికిస్తుంటే, గిన్నెలో ఉడికిన మైదా లేయి వాసన నన్ను 1989 డిసెంబరులోకి లాక్కుపోయింది.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. పటాన్‌చెరు దగ్గర మా ఊళ్ళో ఆదివారం బడి మొదలుపెట్టి ఆరేళ్ళు. ఆ పిల్లల బాల్యమంతా నా కళ్ళ ముందే గడిచింది. వానాకాలం పాత చీర అడ్డుపెట్టి వాగులో పరక చేపలు పట్టేవారు, దసరా దాటితే సీతాఫలాలు నిప్పుల్లో కాల్చుకుని మూతులు నల్లగా చేసుకునేవారు, క్రిస్మస్ దగ్గరపడి ఇంటింటా నూనెలో గరిజెలు కాలే వాసన లేస్తే చిర్రగోనె ఆట సగంలో వదిలి ఉరికేవారు. ముసలమ్మలు ప్రార్థనలో ఒక కన్ను మూసి, రెండో కన్ను గరిజెల గంప మీద ఉంచేవారు.

ఎస్తేరుకు తొమ్మిదేళ్ళు. తల్లి కూలికి పోయేది. ఇంటికి ఆధారం ఒక్క బర్రె. దాన్ని వాగుకు తోలి, నీళ్ళు తాపి, అప్పుడు బడికి వచ్చేది ఎస్తేరు. ఎగువనున్న మందుల ఫ్యాక్టరీ వాగులోకి తన నీళ్ళు వదలడం మొదలుపెట్టాక ముందు చేపలు తేలాయి, తర్వాత వాగు టీ రంగుకు తిరిగింది, ఆ శ్రావణంలో బర్రె నురగలు కక్కి చచ్చిపోయింది. వచ్చి చూసినవాడు లేడు. అవి మా నీళ్ళు కావన్నారు ఫ్యాక్టరీవాళ్ళు.

ఆ ఏడు పిల్లలతో తప్పిపోయిన కుమారుని కథ ఆడించాలనుకున్నాను. ఆస్తి తగలేసి, పందులు మేపి, బుద్ధి వచ్చి ఇల్లు చేరిన కొడుకు, వాణ్ణి దూరాన్నే చూసి ఎదురు పరుగెత్తి కౌగిలించుకున్న తండ్రి. తండ్రి వేషం ఎస్తేరుది. తాత రుమాలు తలకు చుట్టుకుని ఎంత బాగా పరుగెత్తేదో! క్షమించడమంటే ఏమిటని అడిగితే, "ఎదురు ఉరుకుడు టీచరమ్మా" అనేది.

నాటకానికి ముందురోజు మా పాస్టరయ్యగారు రిహార్సలుకు వచ్చారు. ముఖ్య అతిథి ఆ ఫ్యాక్టరీ మేనేజరేనట. చర్చికి కొత్త రేకులు వేయించాడట. నాటకం కాగానే ఎస్తేరు ఆ వేషంలోనే ఆయనకు దండ వేసి, "మా ఊరు మిమ్మల్ని క్షమించింది" అనాలట.

"నేనెయ్య," అంది ఎస్తేరు.

"ఎందుకెయ్యవు బిడ్డా? కథల తండ్రి క్షమించలేదా?"

"ఆ కొడుకు పందుల కాడికెల్లి లేసొచ్చిండు గదా అయ్యగారూ. ఈ సారు ఇంక లేవనే లేదు. పొద్దుగాల సూసిన, వాగుల నురుగు గట్లనే ఉన్నది. ఎవలకు ఎదురు ఉరకాలె?"

"గింత పొల్లకు గింత నోరా! దండ ఎయ్యకుంటే ఏషం ఇంకొకలకిస్త."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా రుమాలు విప్పి నా చేతిలో పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బర్రె పోయిన తల్లిని ఒక్కమాట అడగకుండా, ఆమె బిడ్డ నోటితో ఊరంతటి క్షమ పలికించమని ఏ వాక్యంలో రాసి ఉంది? దుఃఖం ఒకరిది, దాన్ని మాఫీ చేసే పెద్దరికం రేకులు పుచ్చుకున్నవారిదా?

రుమాలు మళ్ళీ దాని తలకే చుట్టాను. "ఏషం ఎస్తేరుదే. దండ మీరే ఎయ్యుండ్రి అయ్యగారూ, మీ పేరు మీద."

మర్నాడు ఎస్తేరు రుమాలు జారిపోయేలా పరుగెత్తింది, కొడుకు వేషం వేసిన పిల్లవాణ్ణి కింద పడేసేటంత గట్టిగా కౌగిలించుకుంది. దండ అయ్యగారే వేశారు, నేల చూస్తూ.

ఇప్పుడు ఆ వాగు రెండు ప్రహరీగోడల మధ్య మురికి కాలువ. పరక అంటే ఈ పిల్లలకు చీపురుపుల్లే తెలుసు. మా వాడలో పాడి ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. ఈసారి బడికి వచ్చిన, రంగులు వేసుకునే కొత్త పుస్తకంలో ఆ కథను ఆరు బొమ్మల్లో వేశారు. కొడుకు ఇల్లు విడిచే బొమ్మ ఉంది, విందు బొమ్మ ఉంది, కౌగిలింత పేజీ నిండా ఉంది. పందుల దగ్గర నుంచి లేచే బొమ్మ మాత్రం లేదు. దాన్ని పిల్లలచేత తెల్లకాగితం మీద గీయించాను. అది పూర్తయ్యాకే కౌగిలింతకు వేయడానికి రంగులు ఇచ్చాను.