నాన్న మోకరించిన ఆదివారం

మా చిన్నతనంలో... కలకత్తా ఖిదిర్‌పూర్ పోర్టు క్వార్టర్స్‌లో, ఒక వారమంతా బడి నుంచి రాగానే నా మొదటి పని నాన్న మడమ పట్టుకుని ఒత్తడం. హోంవర్కు ఆ తర్వాతే.

నాన్న ఓడల నుంచి బస్తాలు దించేవాడు. ఒకరోజు తడి చెక్క మీద కాలు జారి బస్తాతో సహా పడ్డాడు. మోకాలి లోపల నరం తెగిందన్నారు. ఆరు వారాలు సిమెంటు కట్టు. అది విప్పిన రోజు డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు... పడుకుని మడమను నెమ్మదిగా జరుపు, లాగినట్టు అనిపించగానే ఆపు, మూడు నెలలు కింద కూర్చోవద్దు, మోకరించవద్దు. అమ్మ, నేను పక్కనే ఉండి విన్నాం.

విని ఏం లాభం? నాన్న కూలీల గ్యాంగ్‌ని నడిపే సర్దారే మా చర్చి సంఘ పెద్ద కూడా. మావాళ్ళు పనికి పనికొస్తారో లేదో తేలేది ఆస్పత్రిలో కాదు, ఆదివారం ప్రార్థనలో. అందరితో పాటు నేల మీద మోకరించి, చేయి ఆనించకుండా లేచినవాడు సోమవారం పనిలోకి వెళ్ళొచ్చు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు... అందరికీ తెలిసిన రూలు.

కట్టు విప్పిన రెండో వారమే సర్దారు మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటి దానియేలూ, ఇంకెన్నాళ్ళు? నీ జాగాలోకి మెటియాబ్రుజ్ పేట వోడొకడు వస్తానంటన్నాడు. నానేటి సెప్పాల?"

"ఈ ఆదోరం మోకరిస్తాను సర్దారుగారూ" అన్నాడు నాన్న.

అంతే... డాక్టరు మాట గాలికి పోయింది. నాన్న చాప మీద బోర్లా పడుకునేవాడు. నేను మడమ పట్టుకుని కాలు వెనక్కి వంచేదాన్ని. "ఒద్దయ్యా, డాక్టరు బాబు ఏటన్నాడు?" అని అమ్మ నెత్తీ నోరూ బాదుకునేది. "బిగుసుకుపోయిందే, ఒత్తితేనే ఒదులవుద్ది" అనేవాడు ఆయన. రాత్రికి మోకాలు గుమ్మడికాయలా వాచేది. అమ్మ తడిగుడ్డ వేసేది. మర్నాడు మళ్ళీ మొదలు.

నాకు పదేళ్ళు. నా బలం చూసుకుని మురిసిపోయేదాన్ని, బుద్ధిలేనిదాన్ని!

"నొప్పెడతాందా నాన్నా?"

"లేదే తల్లీ... ఇంకొంచెం ఒత్తు."

ఆయన ముఖం చాపకేసి ఉండేది, నాకు కనిపించేది కాదు. ఆ చాప అంచు మాత్రం పీచులు పీచులుగా లేచిపోయింది. ఎలక కొరికిందనుకున్నాను.

ఆదివారం వచ్చింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరసలో మోకరించాడు. నేను గర్వంగా సర్దారు ముఖమే చూస్తున్నాను... ఆమెన్ అన్నారు. అందరూ లేచారు. నాన్న లేవబోయి పక్కకి పడిపోయాడు. మోకాల్లో ఏదో తెగిన చప్పుడు నాకు వినిపించింది. ఇద్దరు రెక్కలు పట్టుకుని లేపారు. సర్దారు తల దించుకుని పాటల పుస్తకం మూసేశాడు.

నాన్న మళ్ళీ ఓడ ఎక్కలేదు. ఆ కాలు ఇక పూర్తిగా వంగనూ లేదు, పూర్తిగా సాగనూ లేదు. ఒక గోడౌన్ గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని బతుకు వెళ్ళదీశాడు. ఎవరడిగినా "తొందరపడ్డాను" అనేవాడు. నేను ఒత్తానని మాత్రం తను చనిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెల సాల్ట్ లేక్‌లో ఆఫీసు బస్సు దిగుతూ పడ్డాను. నాకూ మోకాలే. ఫిజియోథెరపీ అమ్మాయి నా మడమకి తువ్వాలు చుట్టి, మెల్లగా నన్నే లాక్కోమంది. "నొప్పి పెరిగితే అక్కడే ఆపెయ్యాలి దీదీ. మర్నాడు వాచిందంటే ఎక్కువ చేసినట్టే, తగ్గించాలి. పదికి ఎంత నొప్పో నిజం చెప్పాలి" అంది బెంగాలీలో. నాలుగు అన్నాను. వెంటనే ఆపించింది. ఇక నాకు ఏడుపు ఆగలేదు. పాపం, తనే ఏదో చేసిందనుకుని ఆ పిల్ల హడలిపోయింది.

ఇప్పుడు నొప్పికి కూడా అంకె అడుగుతున్నారు... అడిగి ఆపుతున్నారు... ఆ రోజుల్లో నేనూ అడిగాను. ఆయన లేదన్నాడు. నేను ఒత్తాను.

నొప్పి లేదని చెప్పి పనికి వెళ్ళినవాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటే కింద రాయండి... మీరూ నమ్మేశారా?