నాంపల్లి మేడగదిలో సుగుణత్త

మేము నాంపల్లి స్టేషన్ ఎదురు సందులో కిరాయికి ఉన్న రోజులు... కింద నాలుగు పోర్షన్లు, అందరికీ కలిపి వాకిట్లో ఒకటే నల్లా. మేడ మీద ఒంటరి గది. అందులో సుగుణ ఆంటీ ఒక్కతే ఉండేది.

మెదక్ దగ్గర ఏదో పల్లె ఆమెది. అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో పని. పొద్దంతా నిలబడి చీరలు విప్పి చూపించడం, మళ్లీ మడతలు పెట్టడం... సాయంత్రం వచ్చి, మెట్ల మీద కూర్చుని, ఉప్పు వేసిన వేడినీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టుకునేది. నేను పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నన్ను అబిడ్స్‌కు తీసుకుపోయేది. ఆవేళ దుకాణాలు బంద్. మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు... నాకొక బొమ్మల కథల పుస్తకం కొనిపెట్టేది. తర్వాత ఇద్దరం రోడ్డు పక్కన నిలబడి ఐస్‌క్రీమ్ తినేవాళ్లం. ఆమె ఎంత నెమ్మదిగా తినేదో... కరిగి మోచేతి దాకా కారినా తొందరపడేది కాదు.

ఒకసారి అడిగేశాను. "ఆంటీ, నీకు పెళ్లి కాలేదా?"

"అయింది బిడ్డా. ఆయనతోని పడలేక వచ్చిన. ఊర్ల ఎవలు కనవడ్డా అదే అడుగుడు... ఎందుకొచ్చినవ్, మళ్ల ఎప్పుడు పోతవ్ అని. గీడ ఎవ్వరడగరు. గందుకే నాకీ పట్నం మంచిగనిపిస్తది."

నిజమే. మా వాకిట్లో ఎవరూ అడగలేదు. మా అమ్మ కూడా... నల్లా దగ్గర "నీళ్లు సన్నగ వస్తున్నయ్" అనుకోవడం తప్ప వేరే మాట ఉండేది కాదు.

ఆ ఏడు వానాకాలంలో ఒక పొద్దున నల్లా దగ్గర ఆమె బిందె కనబడలేదు. ఊరికి పోయిందేమో అనుకుంది అమ్మ. మర్నాడూ లేదు. ఆ మరునాడు అమ్మకు మనసు ఆగక మేడెక్కింది. వెనకాలే నేనూ.

తలుపు కొడితే చాలాసేపటికి గొళ్లెం తీసింది... తీసి గుమ్మం దగ్గరే కూలబడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. కుండలో చుక్క నీళ్లు లేవు.

నాన్న ఆఫీసుకు సెలవు పెట్టి ఆటో తెచ్చారు. అమ్మ చంటి తమ్ముణ్ని ఎత్తుకుని ఎక్కింది. నన్ను ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక వెంట తీసుకుపోయారు. సర్కారు దవాఖానలో చీటీ రాసే ఆయన తలెత్తకుండానే అడిగాడు. "పేషెంట్‌కు మీరేమైతరు?"

అప్పటిదాకా మా నాన్న ఆమెతో సరిగ్గా పది మాటలు మాట్లాడి ఉండరు.

"అన్నను. నా చెల్లె."

బల్ల మీద పడుకున్న సుగుణ ఆంటీ గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదలడం చూశాను. నొప్పికేమో అనుకున్నాను అప్పుడు...

దవాఖాన నుంచి మా ఇంటికే తెచ్చింది అమ్మ. జావ తాగిస్తూ ఒకరోజు అంది, "అడిగితే ఏమనుకుంటవో అని ఊకున్నం సుగుణా. ముందుగాల్నే రావల్సుండె."

"అందరడుగుతుండ్రనే పారిపోయొచ్చిన వదినా. గా రెండ్రోజులు మాత్రం... మెట్ల మీద ఎవలన్న వస్తున్నరా అని ఒకటే ఇనుకుంట పండుకున్న."

అలా మొదటిసారి అమ్మను వదినా అంది. ఆ రోజు నుంచి నాకు ఆంటీ కాదు, అత్త. రాత్రి అన్నం మాతోనే. తమ్ముడు ఆమె ఒళ్లోనే నిద్రపోయేవాడు. మా నాన్నకు సొంత అక్కచెల్లెళ్లు లేరు... రాఖీ పండుగకు అత్త దారం కడుతుంటే చేయి చాపి, పైకి చూస్తూ కూర్చునేవారు.

కొన్నేళ్లకు ఇంటాయన ఇల్లు అమ్మేశాడు. దాన్ని పడగొట్టి లాడ్జి కట్టారు. మేము దిల్‌సుఖ్‌నగర్ పోయాం. అత్త దుకాణంలో తనతో పనిచేసే ఆమెతో కలిసి సికింద్రాబాద్ వైపు గది తీసుకుంది. మొదట్లో వచ్చి పోయేది. ఫోన్లు లేవు. మేము ఇల్లు మారాం... ఆమె కూడా మారింది కాబోలు. నాన్న అబిడ్స్ వెళ్లి చూస్తే ఆ దుకాణం స్థానంలో చెప్పుల షాపు ఉంది. ఒకే ఊళ్లో ఉంటూ మనిషి తప్పిపోయింది.

పోయినేడాది నాన్న పోయారు. అందరికీ ఫోన్లు చేస్తున్నాం. మూలన కూర్చున్న అమ్మ తలెత్తి అడిగింది, "మీ అత్తకు చెప్పిన్రా?"

తమ్ముడు చేతిలో ఫోన్ కింద పెట్టాడు. ఏ నంబరుకు చేస్తాడు?

నేనిప్పుడు కొండాపూర్‌లో పన్నెండో అంతస్తులో ఒంటరిగా ఉంటున్నాను. అబద్ధమెందుకు, హాయిగానే ఉంటుంది. మంచి ఉద్యోగం. ఎప్పుడు వచ్చినా, ఎప్పుడు పోయినా ఎవరూ ఏమీ అనరు. ఏది కావాలన్నా గుమ్మం ముందుకే వస్తుంది. కానీ కొన్ని ఆదివారాలు సాయంత్రానికి గొంతు బొంగురుగా ఉంటుంది... జలుబు కాదు. శుక్రవారం నుంచి ఎవరితోనూ మాట్లాడక.

అలాంటప్పుడు మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగి, అబిడ్స్ దాకా నడుస్తాను. పెద్దవయసు ఆడవాళ్ల మొహాలు చూస్తూ...

మొన్న ఒకామె నడక అచ్చం అత్తదిలా ఉంది. బస్టాప్ దాకా వెంట వెళ్లాను. ఆమె వెనక్కి తిరిగింది. అత్త కాదు.

"ఎవలు గావాలె బిడ్డా?" అంది, సంచీ కింద పెట్టి, జరిగి నాకు చోటిస్తూ.

"ఎవరూ కాదమ్మా" అని వచ్చేశాను... కాసేపు కూర్చోవలసింది.

మీ చిన్నతనంలోనూ ఇలా పక్క గదిలోంచి వచ్చి చుట్టమైపోయిన వాళ్లున్నారా? వాళ్లిప్పుడు ఎక్కడున్నారో మీకు తెలుసా? వాళ్ల పేర్లు రాయండి... చదువుకుంటాను.