ఆగినవి, ఆపినవి

2004 జూన్ 13, ఆదివారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలు. గద్వాలలో ఆకాశం పూర్తిగా మబ్బు పట్టి ఉంది. పడమటి గాలి నిదానంగా వీస్తోంది. ముందురోజు పడిన మృగశిర జల్లుకు మా వాకిటి మట్టి ఇంకా ముదురు రంగులోనే ఉంది. గోడకు వేలాడే పాదరసపు గొట్టం ఇరవై ఆరు డిగ్రీలు చూపింది. కారు మీటరు 87,412 దగ్గర ఉంది. అది ఐదంకెల మీటరు. అంతకుముందే ఒకసారి సున్నాలకు తిరిగి వచ్చింది కనుక అసలు లెక్క 1,87,412 కిలోమీటర్లు. ఆ అంకె నోటుపుస్తకంలో రాసుకుని, కారును కొత్తకోట వైపు తిప్పాను. పాత ఇంజను తన కాళ్ల మీద తాను నడిచిన చివరి ప్రయాణం అది.

ముప్పై నాలుగేళ్లు భూముల కొలతల శాఖలో సర్వేయరుగా పనిచేశాను. ఇద్దరు రైతులు ఒకే గట్టును రెండు చోట్ల చూపించడం, ఇద్దరూ మనస్ఫూర్తిగా నమ్మే చూపించడం ఎన్నోసార్లు చూసినవాణ్ణి. అందుకని నాకు గుర్తున్నదాన్ని నేను నమ్మను. రాసి ఉన్నదాన్ని నమ్ముతాను. ఈ నాలుగు మాటలు కూడా నోటుపుస్తకం ముందు పెట్టుకునే రాస్తున్నాను.

కారు 1965 నాటి అంబాసిడర్. గడ్డపెరుగు రంగు. 1977లో చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. దాని కోసం పెట్టిన పుస్తకంలో ప్రతి పేజీకి ఐదు గడులు గీసుకున్నాను: తేదీ, బయలుదేరిన సమయం, మీటరు, పెట్రోలు, చివరిది ‘ఆగినవి’. ఆ చివరి గడిలో ఉన్న అంకెలన్నీ ఒకే చోటికి చెందినవి.

నా భార్య చెల్లెలు మన్ననూరులో ఉంటుంది. ఏటా ఒకసారి మేమిద్దరం కారులో అక్కడికి వెళ్లేవాళ్లం. కొత్తకోట, వనపర్తి, నాగర్‌కర్నూలు, అచ్చంపేట దాటాక రోడ్డు నల్లమల కొండ మీదికి లేస్తుంది. ఆ ఘాటులో మూడో మలుపు దగ్గర మా కారు ఆగేది. 1978 నుంచి 2003 వరకు ఇరవై ఆరు ప్రయాణాలు చేశాం. ఇరవై రెండుసార్లు అక్కడే ఆగింది. ఆగిన ప్రతిసారీ ఒకటే వరుస. నేను బ్రేకు తొక్కిపట్టి కూర్చుంటాను. ఆమె దిగి, దారి పక్క నుంచి ఒక రాయి తెచ్చి వెనక చక్రానికి అడ్డం పెడుతుంది. ఇంజను చల్లారాక రాయి తీసేసి, బరువు తగ్గాలని ఆమె నడక మొదలుపెడుతుంది. నేను ఖాళీ కారును పైకి లాగించి, రెండు ఫర్లాంగుల అవతల చదునులో నిలుపుతాను. అద్దంలో చూస్తూ ఉంటే కాసేపటికి ఆమె వస్తుంది, చేతిలో ఆ రాయితో.

“దాన్నెందుకే మోస్కొస్తవ్?” అని మొదటిసారి అడిగాను.

“రోడ్డు మీద ఇడిసిపెడితే ఎనకొచ్చెటోని చక్రానికి తగల్దా? మనల్ని కాపాడిన రాయి ఇంకోణ్ని పడగొట్టాల్నా?”

లారీల వాళ్లు రాళ్లను చక్రాల కింద నుంచి తీయకుండా వెళ్లిపోవడం ఆ దారిలో మామూలు. ఆమె మాత్రం ఒక్క రాయినీ వదలలేదు. అవి డిక్కీలో గద్వాల దాకా వచ్చి, మా పెరట్లో బట్టలుతికే బండ చుట్టూ గట్టుగా చేరాయి.

2003లో లెక్క తప్పింది. మూడో మలుపులో కారు ఆగింది, ఆమె రాయి పెట్టింది, తీసింది, నడక మొదలుపెట్టింది. నలభై ఒక్క అడుగులు వేసి రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చుంది. మోకాళ్లు ఇక లేవనన్నాయి. కొండ కిందికి కారు తిప్పుకొని వచ్చేశాం. ఆ ఏడాది అక్కాచెల్లెళ్లు కలవలేదు. ఇంటికి వచ్చాక నేను డిక్కీ తెరిచి రాయిని గట్టు మీద పెట్టబోతే ఆమె ఒప్పుకోలేదు.

“అది కొండెక్కలే. ఎక్కినంక పెడదాం. డిక్కీలనే ఉండనియ్.”

ఎత్తు రోడ్డు నడవవద్దని దవాఖానాలో చెప్పారు. బస్సు మెట్టు ఆమె మోకాలికి అందదు. పైగా మూడు బస్సులు మారాలి. జీపు మాట్లాడతానంటే, “ఎవల్దో జీపుల మూటలెక్క కూసొని పోను, పోతే మన బండ్లనే పోత” అంది. చెల్లెలికి బండి ఎక్కితే కళ్లు తిరుగుతాయి. తొమ్మిదేళ్లుగా ఆమె కొండ దిగలేదు. ఫోనులో ఇద్దరూ ఎప్పుడూ రెండు నిమిషాలకు మించి మాట్లాడుకోలేదు. “ఎట్లున్నవ్”, “ఉన్న”, “నువ్వెట్లున్నవ్”, “ఉన్న”. కాబట్టి లెక్క సులభంగానే తేలింది. మా ఇద్దరినీ కూర్చోబెట్టుకుని కారు మూడో మలుపు దాటితే అక్కాచెల్లెళ్లు కలుస్తారు, లేకపోతే కలవరు. పాత ఇంజను బలం యాభై గుర్రాలు. అది చాలదు.

కొత్తకోటలో, హైవే పక్కన రేకుల షెడ్డు మెకానిక్ నాకు పదేళ్లుగా తెలుసు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. వెనక నుంచి ఏదో గుద్ది పాడైన ఒక జపాన్ కారు ఇంజనును హైదరాబాదు నుంచి తెప్పించి, గోనెపట్టా కప్పి ఉంచాడు. రెండు వేల సీసీ, పదహారు వాల్వులు, నూట ముప్పై గుర్రాలు. గేర్‌బాక్సు కూడా దానిదే. పట్టా తీస్తే, లోపల నిద్రపోతున్న జంతువేదో ఒక్కసారి ఊపిరి పీల్చినట్టనిపించింది. పుస్తకంలో మాత్రం ఇంజను నంబరు ఒక్కటే రాసుకున్నాను. నంబరు మార్పు కోసం రవాణా కార్యాలయానికి దరఖాస్తు అప్పటికే సిద్ధం చేసి జేబులో పెట్టుకున్నాను.

“సారూ, ముందుగాల బ్రేకులు మారుస్త. దీనికి ఆగుడు నేర్పినంకనే ఉరుకుడు నేర్పాలె,” అన్నాడు.

“ముందు చక్రాలకు డిస్కులు వేస్తావా?”

“ఏస్త. గింత పాత బండికి గింత ఇంజను ఎందుకు సారూ? పోటీల దిగుతవా?”

“మన్ననూరు పోవాలి. మా ఇంటామె దిగకుండా.”

అతడు నవ్వు ఆపేశాడు. తరువాత పదకొండు వారాలు ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

పాత ఇంజను బయటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుందని చెప్పను. జూన్ 16 అని పుస్తకంలో ఉంది. మూడు కాళ్ల ఇనుప స్తంభానికి కట్టిన గొలుసు కప్పీ కిర్రుమంటూ తిరిగింది. ఇరవై ఏడేళ్లుగా మమ్మల్ని మోసిన ఇనుము గాలిలోకి లేచి, మెల్లగా తనచుట్టూ తాను తిరుగుతూ, ఒక్కొక్క చుక్కే నూనె రాల్చింది. బోనెట్ కింద ఖాళీ అయిన గుంతలో నుంచి నేల కనిపించింది. ఆ నేల మీద ఒక పిచ్చుక తిరుగుతోంది. హైవే మీద లారీల మోత ఏదో దూరపు నదిలా వినిపించింది. నేను టేపు పట్టుకుని నిలబడి, ఏం కొలవడానికి వచ్చానో కాసేపు మరిచిపోయాను.

రెండు ఇంజన్లనూ పక్కనే ఉన్న పల్లీల వ్యాపారి కాటా మీద తూయించాం. పాతది నూట డెబ్బై ఒక్క కిలోలు, కొత్తది నూట ముప్పై తొమ్మిది. ముందు భాగం ముప్పై రెండు కిలోలు తేలికైంది. ఇంజను కూర్చునే పట్టీలను మూడుసార్లు కోసి మళ్లీ అతికారు. నేను ప్రతిసారీ టేపు పెట్టేవాణ్ణి.

“సారూ, గిది ఛాసిస్. నీ సర్వే నంబరు గాదు, హద్దులు పెట్టనీకి,” అన్నాడు మెకానిక్ విసుగ్గా.

“ఎడమ వైపు నాలుగు మిల్లీమీటర్లు కిందికి ఉంది.”

అతడు తన టేపుతో చూశాడు. నాలుగే. పట్టీని మళ్లీ కోశాడు.

ఆగస్టు 29న పని ముగిసింది. స్టీరింగు పక్కన ఉండే పాత గేరు కడ్డీ పోయి, నేలలో రంధ్రం చేసి నిలబెట్టిన కొత్త గేరు కడ్డీ వచ్చింది. తాళం తిప్పితే ఇంజను మొదలైందో లేదో తెలియలేదు. ఆయిలు దీపం ఆరిపోవడం చూసి తెలుసుకున్నాను. వనపర్తి వైపు తీసుకెళ్లాను. కిలోమీటరు రాళ్లు ఒకదాని వెంట ఒకటి, ఎవరో వరుసలో నిలబడి తల వంచుతున్నట్టు, చప్పుడు లేకుండా వెనక్కి పోయాయి. పది రాళ్లు లెక్కపెట్టి మీటరు చూస్తే పదకొండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు ఉంది.

తిరిగి వచ్చి చెప్పాను. మెకానిక్ తల గోక్కున్నాడు.

“గేర్‌బాక్సు కొత్తది, మీటరు పాతది. రెండిటికీ లెక్క కలుస్తలేదు. లోపల పండ్ల చక్రం మార్చాలె. యాడ దొర్కుతదో తెల్వదు సారూ.”

“అప్పటిదాకా?”

“అప్పటిదాకా రాళ్లను నమ్ము.”

జీవితంలో మొదటిసారి నా ఎదుట ఉన్న అంకె అబద్ధమని తెలిసి, దాన్ని చూస్తూ ఇంటికి నడుపుకొచ్చాను. మీటరు అంకెను 0.877తో గుణిస్తే నిజం వస్తుందని పుస్తకం అట్ట లోపల రాసుకున్నాను.

ఇంటి ముందు నిలిపితే నా భార్య బయటికి వచ్చింది. బోనెట్ ఎత్తి చూపించాను. ఒక్క క్షణం చూసి వెనక్కి నడిచి డిక్కీ తీసింది.

“రాయేది?”

నేను చూసుకోలేదు. పని మొదలుపెట్టినప్పుడు డిక్కీ ఖాళీ చేశారు.

“అందరి భూములు కొల్సొచ్చి ఒక్క రాయి మర్సిపోయినవా, సర్వేయర్ సారూ?” అంది. తరువాత ముందు సీటు చూసి, “మనిద్దరి నడుమ గీ కట్టె ఏంది?” అని గేరు కడ్డీని వేలితో తట్టింది.

సెప్టెంబరు 14న కొత్త ఇంజను నంబరు పత్రాల్లోకి ఎక్కింది. సెప్టెంబరు 26, ఆదివారం, ఉదయం ఐదు గంటల ఇరవై నిమిషాలకు సన్నని తుంపరలో బయలుదేరాం. కొత్తకోటలో షెడ్డు ముందు ఆగితే, మెకానిక్ టార్పాలిన్ అంచు మీద బరువుగా పెట్టుకున్న రాయిని తీసి, బట్టతో తుడిచి, ఆమె చేతికే ఇచ్చాడు.

“బరువు తగ్గాలని నేనే తీసేసిన అమ్మా. తెల్వక జేసిన.”

“నువ్వేం చేస్తవ్ తియ్ బిడ్డా. ఈయనకు తెల్వాలె గదా.”

“నీ అసొంటోల్లు నలుగురు లారీలెక్కితే మా షెడ్డు మూసుకోవాలె అమ్మా. దినాం రోడ్డు మీది రాళ్లు తగిలినోల్లే మా గిరాకీ.”

వనపర్తి దాటాక ఎండ కాసేపు వచ్చి పోయింది. నాగర్‌కర్నూలు దగ్గర పత్తి చేలు తడిసి నల్లగా మెరిశాయి. ఆమె రాయిని డిక్కీలో పెట్టనివ్వలేదు. ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది. లోపల అంత నిశ్శబ్దంగా ఉంది కాబట్టి ఆమె ఊపిరి వినపడింది. పాత ఇంజనుతో ఇరవై ఏడేళ్లలో అది ఎప్పుడూ వినలేదు.

ఘాటు మొదలయ్యేసరికి మబ్బు రోడ్డు మీదికి దిగింది. మొదటి మలుపు. రెండో గేరులో కారు పొగలో తేలుతున్నట్టు లేచింది. నేను పాత అలవాటుతో ముందుకు వంగి, ఇంజను గొంతు మారుతుందేమోనని చెవి పెట్టాను. చెట్లు నీటి అడుగున ఉన్నట్టు ఊగాయి. రెండో మలుపు. ఆమె లేచి కూర్చుంది. ఎడమ చేతి వైపు పిట్టగోడ కనిపించింది, పోయినేడాది ఆమె కూర్చున్న చోటు. గోడ పక్కకు వచ్చింది, వెనక్కి పోయింది. గొంతు మారలేదు. మూడో మలుపు దాటామని అద్దంలో చూశాకే నాకు అర్థమైంది.

“అయిపోయిందా?” అంది ఆమె.

“అయిపోయింది.”

“గంతేనా?”

నేను గేరు మార్చబోయాను.

“ఆపు.”

“ఎందుకే? ఇది ఏటవాలు. మోకాళ్లు...”

“ఆపమన్న గదా. గీడ నేను ఇరవై రెండుసార్లు దిగిన. దిగకుండ పోతే ఈ జాగకు నేను తెల్వను.”

చేతి బ్రేకు వేశాను. కొత్త బ్రేకులు కారును మేకు కొట్టినట్టు నిలబెట్టాయి. ఇంజను ఆడుతూనే ఉంది. నేను వెళ్లి తలుపు పట్టుకుంటే, నా భుజం మీద చేయి వేసి దిగింది. మూడడుగులు నడిచింది. దారి పక్క నుంచి పిడికిలంత రాయి చూపిస్తే నేను తీసి ఇచ్చాను. వంగలేక, దాన్ని చక్రం వెనక్కి కాలితో నెట్టింది. మబ్బులో ఇద్దరం నిలబడ్డాం. కింద ఎక్కడో ఒక లారీ గేరు తగ్గిస్తున్న చప్పుడు, ఆకుల మీద నీటి చప్పుడు తప్ప మరేమీ లేదు. పుస్తకం ప్రకారం ఆరు నిమిషాలు నిలబడ్డాం. ఆరే అని ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

“రాస్కో,” అంది, “మూడో మలుపు, ఇరవై మూడు.”

“ఆగలేదు కదా. ఆ గడిలో ఎలా రాయను?”

“ఆగలే. ఆపినం. ఇంకో గడి గీస్కో.”

ఆ రాయిని తీసి ఆమెకిచ్చాను. రెండు రాళ్లూ ఒళ్లో పెట్టుకుని కొండెక్కింది.

మన్ననూరులో చెల్లెలి ఇంటి ముందు కారు నిలిపి రెండు నిమిషాలైనా ఎవరూ బయటికి రాలేదు. హారను కొట్టాను. తలుపు తీసిన చెల్లెలు కారును, అక్కను, మళ్లీ కారును చూసింది.

“అక్కా! నువ్వేనా? సప్పుడు లేదేందే? ఎప్పుడైన ఊరి కొసకాడ నీ బండి దగ్గుడు ఇని పొయ్యి మీద చాయ పెడ్తుంటి. ఇయ్యాల చాయ లేదు పో.”

“లేకుంటే లేదుగని, జర చెయ్యియ్యి. రెండు రాళ్లున్నయ్ ఒళ్లె.”

చెల్లెలు ముందు రాళ్లు అందుకుని అరుగు మీద పెట్టింది, తరువాత అక్కను దించింది. ఆ తరువాత ఇద్దరూ అరుగు మీద ఆ రాళ్ల పక్కనే కూర్చున్నారు. చాయ నేనే పెట్టాను.

ఆ సాయంత్రం అక్కడే కూర్చుని, స్కేలు పెట్టి, ‘ఆగినవి’ పక్కన ‘ఆపినవి’ అని ఆరో గడి గీశాను. ఆ ఇంజనుతో 2009 దాకా ఏటా వెళ్లాం. మూడో మలుపులో కారు ఒక్కసారీ ఆగలేదు. ఒక్క ఏడాదీ ఆమె ఆపించకుండా ఉండలేదు. మీటరు పండ్ల చక్రం దొరకనే లేదు, అందుకని ఆ ఏళ్ల కిలోమీటర్లు గుణించి వేసిన అంకెలే. మిగిలినవి నేను స్వయంగా లెక్కపెట్టినవి. మొత్తం ప్రయాణాలు ముప్పై రెండు. ఆగినవి ఇరవై రెండు. ఆపినవి ఆరు. బట్టలుతికే బండ చుట్టూ గట్టులో రాళ్లు ఇరవై ఎనిమిది.